కుర్చీలకు అంటించిన నవల

గుమ్మడూరు శాఖా గ్రంథాలయంలో కుర్చీలన్నీ కుంటివే. అయినా ఎవరికీ ఇబ్బంది ఉండేది కాదు. కిటికీ దగ్గరి కుర్చీ ఎడమకు ఒరుగుతుందని తెలిసినవాళ్ళు తాము కుడికి ఒరిగి కూర్చునేవారు. బీరువా పక్క కుర్చీకి ఒక కాలు పొట్టి. దాని కింద ఇటుక ముక్క ఉండేది. అలా కుర్చీలూ మనుషులూ ఒకరికొకరు సర్దుకుపోయి కాపురం చేసుకుంటున్న చోటికి ఒక సర్క్యులర్ వచ్చింది.

గ్రంథపాలకుడు విశ్వపతి గారు సర్క్యులర్ వస్తే లేచి నిలబడి చదువుతారు. ఆ రోజూ నిలబడి, పేపర్లు చదువుకుంటున్న వాళ్ళందరికీ వినబడేలా చదివారు.

"ఉపస్కర పునర్నవ పథకము. శాఖా గ్రంథాలయములందు గల జీర్ణ ఉపస్కరములను తొలగించుట గాని, మరమ్మతు చేయించుట గాని, నూతన ఉపస్కరములను కోరుట గాని నిషిద్ధము. వాటికి రంగు పూసి, కాగితములు అతికించి, పైన వార్నిష్ పూసినచో అవియే నూతన ఉపస్కరములుగా పరిగణింపబడును. అతికించుటకు వాడు కాగితము సదరు కార్యాలయమునందే లభ్యమగు నిరుపయోగ కాగితమై ఉండవలెను."

"ఉపస్కరం అంటే ఏంటండి?" అని అడిగింది వరహాలు.

"కుర్చీ, బల్ల, బీరువా," అన్నారు విశ్వపతి గారు.

"మరి కుర్చీ అనొచ్చు కదండి."

"కుర్చీ అంటే విరుగుద్దే. ఉపస్కరం విరగదు," అన్నారు రిటైరైన పోస్ట్‌మ్యాన్ సోమేశం గారు, పేపర్లోంచి తల ఎత్తకుండా.

వరహాలుకు గ్రంథాలయం ఎదురుగానే ఇస్త్రీ బండి ఉంది. మధ్యాహ్నం బొగ్గులు చల్లారాక వచ్చి, తలుపు పక్క కుర్చీలో కూర్చుని, ఎర్రట్ట నవల ఒకటి చదువుకునేది. చదవడం వచ్చి ఎంతో కాలం కాలేదు. వేలు పెట్టి, పెదవులు కదుపుతూ, ఒక్కో మాటనీ బట్ట మడత విప్పినట్టు విప్పుకుంటూ చదివేది. ఇంటికి తీసుకెళ్ళడానికి సభ్యత్వం కావాలి, సభ్యత్వానికి గెజిటెడ్ ఆఫీసరు పూచీ కావాలి. గెజిటెడ్ ఆఫీసర్ల చొక్కాలు ఇస్త్రీ చేసింది గాని, వాళ్ళను పూచీ అడిగేంత చనువు ఆమెకు లేదు. అందుకని అక్కడే చదివి, ఇంకెవరికీ దొరక్కుండా కింది అరలో నిఘంటువు వెనక పెట్టి వెళ్ళేది.

ఆ నవలలో వసుంధర అనే టెలిఫోన్ ఆపరేటరు ఉంది. వరహాలు చదివినంత వరకు వసుంధర ఇంటికి తాళం వేసి, జోరు వానలో గొడుగేసుకుని, గోదారి అవతల ఉన్న మాధవరావు దగ్గరికి వెళ్ళడానికి లాంచీల రేవుకు బయలుదేరింది. ఇంకా రేవు చేరలేదు. సరిగ్గా అప్పుడే పెళ్ళిళ్ళ ముహూర్తాలు ముంచుకొచ్చాయి. పట్టు చీరలూ పంచెలూ గుట్టలు పడ్డాయి. వరహాలుకు గ్రంథాలయం గడప తొక్కే తీరిక లేకపోయింది. వసుంధర వానలోనే ఉండిపోయింది.

ఈలోగా పట్నం నుంచి లాస్య అనే శిక్షకురాలు వచ్చింది. ఒక విరిగిన స్టూలు ముందు పెట్టుకుని, గరుకు కాగితంతో రుద్దడం, తెల్ల రంగు వేయడం, జిగురు రాసి కాగితం అంటించి బుడగలు రాకుండా గుడ్డతో అదమడం, ఆరాక వార్నిష్ కొట్టడం అన్నీ చేసి చూపించింది. దీన్ని డెకుపాజ్ అంటారని చెప్పింది.

"పాత కుర్చీని చూసి అయ్యో విరిగిపోయిందే అనుకోకూడదండి. నన్ను అందంగా చెయ్యమని అడుగుతోంది అనుకోవాలి."

"కాలు విరిగింది కూడా అదే అడుగుద్దా అండి?" అన్నాడు కరుణాకర్. అతను గ్రూప్స్ పరీక్షలకు చదువుతూ చదువుతూ తల నెరిసినవాడు.

"ఆ కాలికి పువ్వులు అంటించండి. చూసేవాళ్ళ దృష్టి అక్కడే ఆగిపోతుంది."

"దృష్టి ఆగుద్దండి. కూర్చున్నవాడు ఆగాలి కదండి."

శిక్షకురాలు ఆ ప్రశ్న పథకం పరిధిలోకి రాదని చెప్పి, స్టూలుతో ఫోటో దిగి వెళ్ళిపోయింది.

ఇక కాగితం దగ్గర చిక్కు వచ్చింది. పాత పేపర్లు వాడదామంటే, వాటిని వేలం వేయాలి తప్ప ముట్టుకోకూడదని ఉత్తర్వు ఉంది. రిజిస్టర్లు శాశ్వత భద్రం. సర్క్యులర్లను చింపడం విశ్వపతి గారి ఊహకే అందని విషయం. గ్రంథాలయంలో ఇంకేం కాగితం ఉంటుందా అని ఆయన ఒక పూట ఆలోచించి, పుస్తకాలు ఉన్నాయని కనుక్కున్నారు. ఎన్నో ఏళ్ళుగా ఎవరూ ఇంటికి తీసుకెళ్ళని పుస్తకం నిరుపయోగమే కదా. రిజిస్టరు తిరగేస్తే అలాంటివి చాలా తేలాయి. వాటిలో ఒకటి, ఏనాడూ ఎవరూ సంతకం పెట్టి తీసుకోని ఎర్రట్ట నవల.

పది రోజులు మూసి తెరిచేసరికి గ్రంథాలయం పెళ్ళికూతురిలా ఉంది. బల్లల మీద శతకాలు, బీరువాలకు వైద్య గ్రంథాలు, కుర్చీలకు నవలలు, కుర్చీ కాళ్ళకు పుస్తకాల అట్టల్లోంచి కత్తిరించిన గులాబీలు. వార్నిష్ తళతళలాడుతోంది. పుస్తకాల అరలు మాత్రం ఊడిన పళ్ళలా ఉన్నాయి.

వచ్చినవాళ్ళెవరూ కూర్చోలేదు. సోమేశం గారు అలవాటు కొద్దీ కుర్చీలో సగం వంగి, కింద అచ్చు అక్షరాలు కనబడగానే నిప్పు తగిలినట్టు లేచారు. కాలు తగిలిన చోట చేత్తో తాకి కళ్ళకద్దుకున్నారు.

"చదువుల తల్లి మీద కూర్చోమంటావా విశ్వపతీ? ఏం మనిషివయ్యా."

"అది ఇప్పుడు ఉపస్కరం కదండి."

"నీకు ఉపస్కరం. నాకు సరస్వతి."

అందరూ నిలబడే పేపరు చదివారు. మర్నాడు ఎవరో తెలివిగా కుర్చీ మీద పేపరు పరిచి కూర్చోబోయి, పేపరు మీదా అక్షరాలే ఉన్నాయని గుర్తొచ్చి ఆగిపోయారు. చివరికి ఎవరి తువ్వాలు వాళ్ళు తెచ్చుకుని పరుచుకోవడం మొదలుపెట్టారు.

ముహూర్తాలు అయిపోయాక వరహాలు వచ్చింది. నిఘంటువు వెనక చెయ్యి పెట్టింది. చెయ్యి గోడకు తగిలింది.

"సారండి, ఇక్కడ నా పుస్తకం ఉండాలండి. ఎర్రట్టది."

"దాన్నెవరూ చదవట్లేదమ్మా. రిజిస్టర్లో ఒక్క సంతకమూ లేదు."

"నేను చదువుతున్నానండి. రోజూ చూస్తారు కదండి మీరు."

"నేను చూడటం వేరు, రిజిస్టరు చూడటం వేరు," అన్నారు విశ్వపతి గారు నొచ్చుకుంటూ. ఆయన చెడ్డవాడు కాదు. "అయినా ఎక్కడికీ పోలేదులే. అదిగో, తలుపు దగ్గర్నుంచి వరసగా అంటించాను. వరస మాత్రం తప్పనివ్వలేదు."

వరహాలు తలుపు పక్క కుర్చీ ముందు గొంతుక్కూర్చుంది. వేలు పెట్టి వెతికింది. నిజమే, వసుంధర అక్కడే ఉంది. రేవు చేరింది. ఏరు పోటు మీద ఉందనీ, ఇవాళ ఎక్కొద్దనీ లాంచీ నడిపే సరంగు చెబుతున్నాడు. వసుంధర గొడుగు మూసి, సరంగు కళ్ళలోకి చూసి, "నాకు" అంది.

పేజీ అయిపోయింది. రెండో వైపు జిగురులో, చెక్కకు అతుక్కుని ఉంది.

"నాకు అని ఏవందండి?" అని అడిగింది వరహాలు.

"నాకేం తెలుసమ్మా?"

"మీరే కదండి అంటించారు."

"అంటించేటప్పుడు చదవకూడదు. బుడగలు చూసుకోవాలి."

పక్క కుర్చీలో కరుణాకర్ తువ్వాలు పరుచుకుని కూర్చుని, రాజ్యాంగంలో అధికరణాలు వల్లె వేస్తున్నాడు.

"బాబూ, కాస్త లేత్తావా? నీ కింద లాంచీ ఉంది."

"లాంచీ ఏంటి పిన్నిగారూ?"

"లేత్తే నీకే తెలుత్తాది."

అతను లేచాడు. తువ్వాలు తీశాడు. ఇద్దరూ వంగి చదివారు. లాంచీ ఏటి మధ్యలో ఉంది. ఇంజను ఆగిపోయింది. మేకపిల్లను కావిలించుకుని ఒక ముసలాయన ఏడుస్తున్నాడు. వసుంధర ఏడవడం లేదు. అక్కడికి అయిపోయింది. కరుణాకర్ ఆ రోజు అధికరణాలు మళ్ళీ ముట్టుకోలేదు.

ఆ తర్వాతి కుర్చీలో సోమేశం గారు. ఆయన లేవడానికి ఒక షరతు పెట్టారు, అంతకు ముందు కుర్చీల్లో ఏముందో చెప్పాలని. చెప్పారు. ఆయన లేచారు. కుర్చీలో మాధవరావు అవతలి ఒడ్డున లాంతరు పట్టుకుని నిలబడ్డాడు. ఎవరూ రాలేదు. కిటికీ దగ్గరి కుర్చీలో జాలర్లు నీళ్ళలోంచి ఒక ఆడవాళ్ళ గొడుగు బయటికి లాగారు. బీరువా పక్క కుర్చీలో మాధవరావు ఆ గొడుగును గోడకు తగిలించి, దాని వంక చూస్తూ కూర్చున్నాడు. ఆ కుర్చీతో వరస ఆగిపోయింది.

"పోయిందే పిల్ల. లాంచీ మునిగిపోయింది," అన్నారు సోమేశం గారు, ముక్కు తుడుచుకుని.

"గొడుగే కదండి దొరికింది. మనిషి దొరికిందని ఎక్కడుంది?"

"గొడుగు వదిలేసి మనిషి ఎక్కడికి పోద్దే?"

"నేనెన్నిసార్లు మర్చిపోలేదండి గొడుగు."

"ఏట్లోనా?"

వరహాలు లేచింది. విశ్వపతి గారి దగ్గరికి వెళ్ళి, ఆఖరి పేజీ ఎక్కడుందని అడిగింది. కుర్చీలన్నీ అయిపోయాక ఒక్క కాగితం మిగిలిందనీ, దాన్ని అధ్యక్షుల వారి కుర్చీకి అంటించాననీ ఆయన చెప్పారు. అది లోపలి గదిలో ఉంది. గ్రంథాలయ సంస్థ అధ్యక్షులు గజేంద్ర గారు వచ్చినప్పుడు తప్ప ఆ గది తెరవరు. తాళంచెవి ఆయన దగ్గరే ఉంటుంది, పథకం కోసం ఒక్క పూట మాత్రం పంపారు.

"ఎప్పుడొత్తారండి?"

"ఆయన రాకను మనం నిర్ణయించలేం. అది పై విషయం."

వచ్చింది అధ్యక్షులు కాదు, తనిఖీ అధికారి. పుస్తకాలు లెక్క తక్కువ వచ్చాయని ఆయన కళ్ళజోడు తీశారు. విశ్వపతి గారు చెమటలు తుడుచుకుంటూ, తగ్గలేదండి, రూపం మారిందండి, అని కుర్చీలు చూపించారు. అధికారి కుర్చీల చుట్టూ ఒకసారి తిరిగారు. ఆయన కోప్పడతారని అందరూ అనుకున్నారు. ఆయన సంతోషించారు.

"విషయము నశించలేదు. ఆధారము మాత్రమే కాగితము నుండి కర్రకు మారినది. కావున ఇవి గ్రంథములే. గ్రంథమునకు సంఖ్య ఉండవలెను కదా, ఎందుకు వేయలేదు?"

కుర్చీలన్నిటికీ పుస్తకాల నంబర్లు వేశారు. దాంతో కొత్త చిక్కు పుట్టింది. కుర్చీ అయితే కూర్చోవాలి, పుస్తకం అయితే కూర్చోకూడదు. విశ్వపతి గారు పైకి రాసి అడిగారు. పైనుంచి జవాబు వెంటనే వచ్చింది. "పఠన సమయమందు కూర్చొనరాదు. కూర్చొను సమయమందు పఠింపరాదు." దాన్ని ఆయన అందంగా రాయించి గోడకు కట్టించారు.

పుస్తకం అన్నాక అరువు ఇవ్వాలి. సభ్యులు కుర్చీలు ఇంటికి తీసుకెళ్ళడం మొదలైంది. రెండు వారాల గడువు, దాటితే జరిమానా. వార్నిష్ గీసినా, కాలు మడత పడినా పుస్తకం పాడు చేసినట్టే. ఎప్పుడూ పుస్తకం మొహం చూడనివాళ్ళు కూడా ఇంట్లో శుభకార్యం అనగానే సభ్యులయ్యారు. అన్నప్రాశనకు పదేసి నవలలు, సీమంతానికి నాటకాలు పట్టుకెళ్ళారు. పంతులు గారికి భక్తి గ్రంథం వేశారు. గుమ్మడూరులో పఠనాసక్తి ఇంతలా పెరగడం ఎన్నడూ చూడలేదని జిల్లా నివేదికలో రాశారు.

వరహాలు కూడా ఈసారి తెగించి, చొక్కాలు ఇస్త్రీ చేసే ఒక ఆఫీసరు గారిని పూచీ అడిగింది. ఆయన సంతకం పెట్టాడు. ఒక్కో కుర్చీనే బండి మీద పెట్టుకుని ఇంటికి తీసుకెళ్ళింది. జిగురు వదిలితే వెనక పేజీ చదవొచ్చేమోనని ఆశ. తడిగుడ్డ వేసింది, ఆవిరి పట్టింది, సెగ చూపించింది. వార్నిష్ మంచిది. ఒక్క మూల కూడా లేవలేదు. "నాకు" తర్వాత వసుంధర ఏమందో చెక్కకే తెలుసు. అయినా తీసుకెళ్ళడం మానలేదు. గడువులోగా తిరిగి ఇచ్చి, ఇంకోటి తీసుకునేది.

"ఎందుకే ఈ మోత? పోయిన మనిషి కోసం," అన్నారు సోమేశం గారు, ఆమె కుర్చీ దింపుతుంటే ఒక చెయ్యి వేసి.

"పోయిందో లేదో చూసి మాటాడండి బాబుగారూ. అంత వానలో పంపించి, ఏవైందో కనుక్కోకుండా ఊరుకుంటామా?"

అరల్లో పుస్తకాలు దాదాపు అయిపోయేసరికి గుమ్మడూరుకు ఉత్తమ గ్రంథాలయ పురస్కారం వచ్చింది. దాన్ని అందజేయడానికి అధ్యక్షుల వారు స్వయంగా విచ్చేస్తున్నారని కబురొచ్చింది. వరహాలు ఆ రోజు బండి తెరవలేదు. ఇస్త్రీ చీర కట్టుకుని, అందరికంటే ముందే వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. లోపలి గది తెరుచుకుంటే ఒక్క అడుగు వేసి చూసేద్దామనుకుంది. కాని గది తలుపు తీసిందే తడవుగా కుర్చీని దులిపి, పట్టుగుడ్డ కప్పి వేదిక మీదికి మోసుకొచ్చారు. గుడ్డ తీయగానే అధ్యక్షుల వారు కూర్చున్నారు. ఆయన భారీ మనిషి. కాగితం అంచు కూడా కనబడలేదు.

జిల్లా అధికారులు మిగతా కుర్చీల్లో హాయిగా కూర్చున్నారు. చదువుకున్నవాళ్ళు కనక అక్షరాల మీద కూర్చోవడానికి వాళ్ళకు ఏ పట్టింపూ లేదు. ఊరివాళ్ళు గోడల వెంబడి నిలబడ్డారు.

అధ్యక్షుల వారు కూర్చునే మాట్లాడారు. "గ్రంథాలయాలకు పాఠకులు రావడం లేదన్న విమర్శకు ఇది మన సమాధానం. పాఠకుడు గ్రంథం వద్దకు రాకపోతే గ్రంథమే పాఠకుడి కిందికి వెళ్ళాలి," అన్నారు. అధికారులు చప్పట్లు కొట్టారు. జ్యోతి వెలిగించమంటే కుందినే ఆయన దగ్గరికి తెచ్చారు. శాలువా కప్పబోతే కూర్చునే మెడ వంచారు. వరహాలు పెదవి కొరుక్కుంటూ చూస్తోంది.

అప్పుడు విశ్వపతి గారు మైకు ముందుకు వచ్చి, ఈ ఏడాది అత్యధిక గ్రంథాలు ఇంటికి తీసుకెళ్ళి చదివిన ఉత్తమ పాఠకురాలు శ్రీమతి వరహాలు గారిని వేదిక మీదికి ఆహ్వానిస్తున్నామని ప్రకటించారు.

వరహాలు మెట్లెక్కింది. ఆమెకు జ్ఞాపిక ఇచ్చారు. అధ్యక్షుల వారు కూర్చునే ఇచ్చారు. రెండు మాటలు మాట్లాడమన్నారు. ఆమె మైకు పట్టుకుని ఎదురుగా చూసింది. గోడ దగ్గర సోమేశం గారూ, కరుణాకరూ కనబడ్డారు.

"అందరికీ దండాలండి. మాటాడే ముందు, వసుంధర గారని ఒకావిడండి. గోదాట్లో లాంచీ మునిగి పోయారని మా సోమేశం గారు చెప్తున్నారండి. ఆవిడ కోసం అందరం ఒకసారి లేచి, మౌనంగా నిలబడదావండి."

అధ్యక్షుల వారు విశ్వపతి గారి వైపు వంగారు. "ఎవరయ్యా?"

విశ్వపతి గారు అబద్ధం ఆడే మనిషి కాదు. "ఈ గ్రంథాలయంలోనే చాలా ఏళ్ళు ఉన్నారండి," అన్నారు.

"ముందే చెప్పొద్దా," అని అధ్యక్షుల వారు మొహం బరువుగా పెట్టుకుని, రెండు చేతులూ ఊతం చేసుకుని లేచారు. సభంతా లేచింది. అందరూ తలలు వంచారు. అధ్యక్షుల వారు ఒక అడుగు ముందుకు వేసి, చేతులు కట్టుకుని కళ్ళు మూసుకున్నారు.

వరహాలు ఆయన వెనక కుర్చీ ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. దుఃఖంతో కూలబడిందని అధికారులు అనుకున్నారు.

వేలు మొదటి వరస మీద పెట్టింది. అక్షరాలు చిన్నవి. మాధవరావు దీపం వెలిగించలేదు. చీకట్లో గొడుగు వంక చూస్తున్నాడు. ఒత్తుల దగ్గర ఆగి, కూడబలుక్కుని, మళ్ళీ ముందుకు వెళ్ళింది. ఒక నిమిషం అయిపోయింది. ఎవరో దగ్గారు. ఫ్యాను తిరుగుతోంది. ఇంకా నిమిషం గడిచింది. మౌనం ఎప్పుడు ముగించాలో కోరినవాళ్ళే చెప్పాలి కాబట్టి ఎవరూ కూర్చోలేదు. ఒక అధికారి ఒంటికాలి మీదికి బరువు మార్చుకున్నాడు. గుమ్మంలో అడుగుల చప్పుడైంది. మాధవరావు తల తిప్పలేదు. "ఆ గొడుగు నాది. ఇస్తారా, గోడకే ఉంచుకుంటారా?" అంది గుమ్మంలోంచి ఒక గొంతు. వరహాలు ఆ వరస రెండుసార్లు చదివింది. అక్షరాల మీద నీటిబొట్టు పడితే కొంగుతో ఒత్తింది. వార్నిష్ మంచిది, ఏమీ కాలేదు. అడుగున "సమాప్తం" అని ఉంది. దాన్ని కూడా చదివి లేచింది.

"కూర్చోండి బాబూ," అంది మైకులో. "ఆవిడ బతికే ఉందండి."

గోడ వెంబడి ఒక్కసారిగా ఊపిరి వదిలిన చప్పుడు వచ్చింది.

"నేననుకుంటూనే ఉన్నాను," అన్నారు సోమేశం గారు.

"మీరు పోయిందన్నారు కదండి," అన్నాడు కరుణాకర్.

"లాంచీ పోయిందన్నాను."

అధికారులు ఒకరి మొహాలు ఒకరు చూసుకుని కూర్చోబోయారు. అధ్యక్షుల వారు కూర్చోలేదు కనక ఆగిపోయారు. ఆయన కళ్ళజోడు పెట్టుకుని, వంగి, తన కుర్చీ వంక చూస్తున్నారు. చూస్తున్నారో చదువుతున్నారో కాసేపు ఎవరికీ తెలియలేదు. తర్వాత ఆయన వేలు కూడా ఒక వరస మీదికి వెళ్ళింది.

"ఈ మాధవరావెవరు?" అన్నారు, తల ఎత్తకుండానే.

"అలా ఆఖర్నుంచి చదివితే తెలవదండి," అంది వరహాలు. "మొదట్నుంచీ రావాలి. అదిగోండి, తలుపు పక్క కుర్చీ."

అధ్యక్షుల వారు శాలువా సర్దుకుని వేదిక దిగారు. తలుపు పక్కన కూర్చోబోతున్న జిల్లా అధికారి గబుక్కున పక్కకు తప్పుకున్నాడు.